గేర్లు పీకేయకండి: సరిహద్దు జిల్లాల సైకిల్ షాపులవారికి బహిరంగ లేఖ

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం జిల్లాల సైకిల్ షాపుల యజమానులకు, మెకానిక్ అన్నదమ్ములకు నమస్కారం.

పాత గేర్ల సైకిల్ నడిపించుకుంటూ మీ షాపు ముందుకొచ్చినవాడికి మీరు చెప్పే మాటలు రెండు. "దీని సామాను రాదు బాబూ, కొత్తది చూసుకో" అన్నది ఒకటి. "గేర్లన్నీ పీకేసి సింగిల్ చేసేస్తాను, గొడవొదిలిపోద్ది" అన్నది రెండోది. రెండూ నేను విన్నవే, వేర్వేరు ఊళ్లలో. ఎవరి పేరూ రాయను. నాది 26 అంగుళాల చక్రాలు, స్టీలు ఫ్రేము ఉన్న పాత మౌంటెన్ బైకు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. దానికి సామాను దొరికింది, గేర్లు అలాగే ఉన్నాయి, ఘాటు (కొండ రోడ్డు) ఎక్కుతోంది. బజారులో సామాను ఉంది. ఏది పడుతుందో చెప్పే కొలత మాత్రం ఎవరూ తీయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ ఇబ్బంది తెలియక రాస్తున్నది కాదు. మీ షాపుకు కూడు పెట్టేది గేర్ల సైకిల్ కాదు. ప్రభుత్వం హైస్కూలు పిల్లలకిచ్చిన సైకిళ్లు, పాల క్యాన్లు కట్టుకునే బండ్లు, మిల్లు షిఫ్టుకి వెళ్లేవాళ్ల బండ్లు, వాటి పంక్చర్లు, ఓవరాయిలింగులు. ఆ బండ్లకి ఒకటే ఫ్రీవీలు (వెనక పళ్లచక్రం), ఒకటే వెడల్పు చైను. లూథియానా నుంచి ఏ పేరుతో వచ్చిన డబ్బా విప్పినా చాలావరకు ఏ బండికైనా పట్టేస్తుంది. గేర్ల సైకిల్ దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క చెల్లదు. చైను, ఫ్రీవీలు, గేరు మార్చే షిఫ్టరు, చైనును పక్క చక్రం మీదికి జరిపే డిరైలరు నాలుగూ ఒకదానికొకటి కుదరాలి. ఒకటి కుదరకపోతే గేరు టకటకమంటుంది, కస్టమరు మళ్లీ వస్తాడు, మీకు కూలీ గిట్టదు. ఒకసారి అలా చెయ్యి కాల్చుకున్నవాడు రెండోసారి "రాదు" అనే అంటాడు. ఆ మాటను తప్పుపట్టను. కానీ కుదిర్చే లెక్క పెద్దదేం కాదు, మీకు ఇప్పటికే వచ్చిన పనుల పక్కన అది చిన్నదే.

గేర్లు ఎందుకు వద్దనుకోకూడదో మన ఊళ్లవాళ్లకి వేరే చెప్పాలా? రాయగడ సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, కోరాపుట్ తొమ్మిది వందలకు దగ్గర. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కి పొట్టంగి వైపు వెళ్లే రోడ్డు మీకు తెలుసు. అటు సెమిలిగుడ పక్కన దేవమాలి 1672 మీటర్లు, ఇటు గజపతిలో మహేంద్రగిరి 1501 మీటర్లు. ఈ మధ్య ఆ కొండల మీదికి కుర్రాళ్లు సైకిళ్లు వేసుకుని బయల్దేరుతున్నారు. సింగిల్ చేసిన సైకిల్‌తో అక్కడ చేసే పని దాన్ని తోసుకుంటూ నడవడమే.

ఇక అసలు సంగతి. సైకిల్ రాగానే ముందు తేల్చాల్సింది వెనక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా అని. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, పేర్చిన పళ్లచక్రాలు. చక్రం ఊడదీసి పళ్లను వెనక్కి తిప్పండి. మధ్యలో టూలు దిగే గాట్లు పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్టు. పళ్లు తిరుగుతున్నా గాట్లు కదలకపోతే ఫ్రీవీలు. పది క్షణాల పని. ఇది తేల్చకుండా "ఏడు గేర్లది పంపండి" అని విశాఖకి ఫోను చేస్తే వచ్చేది ఏదో మీ అదృష్టం. ఫ్రీవీలు హబ్బు (చక్రం నడిమి బొడ్డు) మీద మొత్తంగా థ్రెడ్డుకి బిగుస్తుంది, కొలత 1.375 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. లోపలి గోళీలు, రాచెట్టు అన్నీ దానితోనే వస్తాయి. క్యాసెట్టు అయితే పళ్లు మాత్రమే వేరు, రాచెట్టు హబ్బులో ఉండిపోతుంది.

మన ప్రాంతంలో తిరిగే పాత సైకిళ్లలో ఎక్కువగా కనిపించేది ఏడు పళ్లచక్రాల ఫ్రీవీలే, చిన్న చక్రానికి 14 పళ్లు, పెద్దదానికి 28. ముందు చిన్న చైన్‌వీలు 24 పళ్లు అనుకుందాం. అప్పుడు అన్నిటికంటే తేలిక గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 1.75 మీటర్లు పోతుంది. అదే ఏడు చక్రాల్లో 14 నుంచి 34 పళ్ల దాకా ఉన్న ఫ్రీవీలు కూడా దొరుకుతుంది. జపాన్ కంపెనీ షిమానోలో దాని మోడలు ఎంఎఫ్-టీజెడ్510. అది వేస్తే అదే గేరులో చుట్టుకి 1.45 మీటర్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఘాటు మలుపులో మోకాళ్లకి తెలుస్తుంది. షిఫ్టరు మార్చనక్కర్లేదు, హబ్బు మార్చనక్కర్లేదు. పాత సైకిల్‌కి ఇంతకంటే చవకైన మెరుగు నాకు తెలీదు. అయినా ఇది వేసిపెడతానని తనంతట తానే చెప్పిన షాపు ఇటువైపు నాకు తగల్లేదు.

చూసుకోవాల్సినవి రెండున్నాయి. డిరైలరు 34 పళ్లదాకా అందుకుంటుందా అన్నది మొదటిది. దాని కింది చేయి ఎంత చైను సాగదీసుకోగలదన్నది రెండోది. ఈ రెండో దానికి లెక్క ఉంది: ముందు పెద్ద చక్రంలోంచి చిన్నది, వెనక పెద్ద చక్రంలోంచి చిన్నది తీసేసి, రెండూ కలపాలి. ముందు 42-24, వెనక 34-14 అయితే 18, 20 కలిపి 38. డిరైలరు కెపాసిటీ దానికి తగ్గకూడదు. పొడవు చేయి ఉన్నవి సాధారణంగా సరిపోతాయి, పొట్టి చేయివి పనికిరావు. పాత చైను మాత్రం పొట్టిదవుతుంది. ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీద, డిరైలరులో నుంచి తిప్పకుండా చుట్టి, అదనంగా రెండు లింకులు వదిలి కోయండి. పొట్టి చైనుతో పెద్దది పెద్దది మీద వేశారంటే చైను బిగుసుకుపోయి డిరైలరు విరగొచ్చు.

ఫ్రీవీలు ఊడదీసే దగ్గర నాదొక విన్నపం. షిమానో ఫ్రీవీలుకి పన్నెండు గాట్ల టూలు వస్తుంది, మీ దగ్గర ఇప్పటికే ఉన్న పానాల పక్కన అదొక ఖర్చే కాదు. దాన్ని గాట్లలో దించి, యాక్సిల్ నట్టుతో జారకుండా పట్టించి, వైసులో బిగించి చక్రాన్నే స్టీరింగులా ఎడమకి తిప్పితే ఊడొస్తుంది. ఉలి పెట్టి సుత్తితో కొట్టే పద్ధతి మానండి. ఏళ్ల తరబడి తొక్కిన కొద్దీ బిగుసుకున్న థ్రెడ్డు అది. ఒక్క దెబ్బ పక్కకి పడితే హబ్బు పోతుంది, దాంతో చక్రమూ పోతుంది, అప్పుడు "సామాను లేదు" అన్న మాట నిజమై కూర్చుంటుంది.

ఇంకా ఎక్కువ గేర్లు కావాలనేవాళ్లు వస్తారు. ఎనిమిది, తొమ్మిది పళ్లచక్రాల ఫ్రీవీళ్లూ మార్కెట్లో ఉన్నాయి. వాటిని అమ్మకండి. ఫ్రీవీలు హబ్బులో కుడివైపు బేరింగు గోళీలు బాగా లోపలికి ఉంటాయి, పళ్లచక్రాలు పెరిగిన కొద్దీ ఆసరా లేకుండా బయటకి ఉన్న ఇరుసు పొడవు పెరుగుతుంది. మన రోడ్ల గుంతల్లో అది వంగుతుంది, లేదా విరుగుతుంది. ఎనిమిది, తొమ్మిదికి వెళ్లాలంటే క్యాసెట్టు హబ్బుకి మారడమే దారి, అందులో కుడి గోళీలు చివరిదాకా ఉంటాయి. వెనక ఫోర్కు కొసల మధ్య ఖాళీ కొలవండి. మౌంటెన్ బైకుల్లో అది సాధారణంగా 135 మి.మీ. ఇప్పటి కొత్త బైకులకొచ్చే 148 మి.మీ. లావు ఇరుసు హబ్బు దీనికి పట్టదు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తే స్టీలు ఫ్రేము ఓర్చుకుంటుంది. అల్యూమినియం ఫ్రేమును మాత్రం సాగదీయొద్దు.

హబ్బు మార్పంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఎందుకో నాకర్థం కాదు. కంపెనీలు 27.5, 29 అంగుళాలకు వెళ్లిపోయాక రెడీమేడ్ 26 అంగుళాల చక్రం దొరకడం కష్టమైంది, నిజమే. కానీ పుల్లలు విప్పి కొత్త హబ్బుకి అదే రిమ్ము కట్టడం మీ కులవిద్యలాంటిది. కళ్లు మూసుకుని బెండు తీసే మేస్త్రీలు పర్లాకిమిడిలో ఉన్నారు, జయపురంలో ఉన్నారు. పట్నం షోరూముల్లో కొత్త చక్రం డబ్బాలోంచి తీసివ్వడమే తెలుసు, ఈ పని అక్కడ చేయించుకోవడమే కష్టం. హబ్బు తెప్పించే ముందు రిమ్ము రంధ్రాలు లెక్కపెట్టండి. పాతవాటిలో 36 తరచుగా ఉంటాయి, డిస్కు బ్రేకు హబ్బులు ఎక్కువగా 32తో వస్తాయి. పుల్లల పొడవు కూడా మారుతుంది, పాతవే సరిపోతాయనుకోవద్దు.

ఇక అందరూ దెబ్బతినే చోటు షిఫ్టరూ డిరైలరూ. షిఫ్టరు ఒక్కో క్లిక్కుకి ఎంత వైరు లాగుతుంది, అంత వైరుకి డిరైలరు ఎంత పక్కకి జరుగుతుంది, ఈ రెండూ కుదిరితేనే చైను సరిగ్గా పక్క పళ్లచక్రం మీదికి పోతుంది. ఏడు గేర్లవాటిలో చక్రానికీ చక్రానికీ ఎడం 5 మి.మీ., ఎనిమిదిలో 4.8, తొమ్మిదిలో 4.35, పదిలో 3.95. షిమానో మౌంటెన్ బైకు సామానులో ఏడు, ఎనిమిది, తొమ్మిది గేర్ల డిరైలర్లు ఒకే లెక్క మీద కదులుతాయి. ఆ పాత లెక్కలో తొమ్మిది గేర్ల షిఫ్టరు, తొమ్మిది పళ్లచక్రాలు పెడితే పాత ఏడు గేర్ల డిరైలరే పని చేస్తుంది. ఏడు షిఫ్టరుకి తొమ్మిది గేర్ల డిరైలరూ పని చేస్తుంది. పదో గేరు దగ్గర షిమానో ఆ లెక్క మార్చేసింది. పది షిఫ్టరు తెచ్చి పాత డిరైలరుకి కడితే ఎంత సర్దినా కుదరదు. మీ తప్పు లేదు, కస్టమరు తప్పూ లేదు, ఆ రెండూ జతకావంతే.

2023లో ఇంకో చిక్కు వచ్చింది. షిమానో క్యూస్ అని కొత్త వరుస దించింది. అందులోనూ తొమ్మిది ఉంది, పది ఉంది, పదకొండు ఉంది. వాటిలో వాటికి కుదురుతాయి, పాతవాటికి కుదరవు. డబ్బా మీద 9 అని ఉంది కదా అని క్యూస్ షిఫ్టరు తెచ్చి షిమానో పాత వరుసలైన ఆల్టస్‌కో అలీవియోకో కట్టారంటే డబ్బు నీళ్లలో పోసినట్టే. ఆర్డరు పెట్టేటప్పుడు అంకె చెప్పి ఊరుకోకుండా వరుస పేరు, డబ్బా మీది మోడలు నంబరు అడగండి. తైవాన్ కంపెనీ మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ అని తొమ్మిది గేర్ల జత చేస్తుంది, అందులో ముందు ఒకే చక్రం, వెనక 42 పళ్లదాకా ఉన్న రకం ఉంది. దాని షిఫ్టరూ డిరైలరూ దానికే, షిమానోతో కలపకూడదు. క్యాసెట్టు మాత్రం షిమానో పాత పద్ధతి గాట్లున్న మామూలు హెచ్‌జీ హబ్బు మీదికే ఎక్కుతుంది. పాత బైకుకి కొత్తగా అన్నీ వేయించుకునేవాడికి నేను చెప్పేది ఈ జతే. ముందు డిరైలరు, దాని వైరు, దాని షిఫ్టరు అన్నీ పోతాయి, సర్దాల్సింది సగమవుతుంది. ముందు వేసే ఒక్క చక్రానికి పళ్లు ఒకటి సన్నం ఒకటి లావు ఉన్నదే వేయండి, లేకపోతే గతుకుల్లో చైను ఊడుతుంది.

పన్నెండు గేర్లు కావాలని వీడియోలు చూసి వచ్చే కుర్రాళ్ల సంగతి. షిమానో మౌంటెన్ బైకు పన్నెండుకి 2018 నుంచి మైక్రోస్ప్లైన్ అనే వేరే హబ్బు కావాలి. అమెరికా కంపెనీ శ్రామ్ చేసే ఎన్‌ఎక్స్ ఈగిల్ 11-50 క్యాసెట్టు పాత హెచ్‌జీ హబ్బుకే ఎక్కుతుంది, కాబట్టి కుదరదని కాదు. కానీ అన్ని పళ్లచక్రాలున్నప్పుడు హ్యాంగర్ (డిరైలరును ఫ్రేముకి పట్టించే ముక్క) వెంట్రుకవాసి వంగినా గేరు తప్పుతుంది. మన ఎర్రమట్టిలో, వానాకాలంలో, పాత ఫ్రేము మీద అది ఎన్నాళ్లు? తొమ్మిది చాలు అని చెప్పండి. అమ్మకం పోయినా పరవాలేదు, ఆ కుర్రాడే రేపు మీ షాపు గురించి నలుగురికి చెబుతాడు.

క్లిక్కులు లేని పాతకాలపు బొటనవేలి షిఫ్టరు గుర్తుందా? దాన్ని పాతసామాను కింద పారేస్తున్నారు. అది ఎన్ని పళ్లచక్రాలున్నా, ఏ డిరైలరైనా దాదాపు అన్నిటికీ పని చేస్తుంది, కుదరాల్సింది చేతికే గాని క్లిక్కుకి కాదు కదా. కాశీపూర్ అవతల షిఫ్టరు విరిగిన మనిషిని ఇంటికి చేర్చేది అదే. ప్రతి షాపులో ఒకటి దాచి ఉంచాలని నా కోరిక.

చైను గురించి కొంచెం. ఏడు, ఎనిమిది గేర్లకి ఒకటే చైను, బయటి వెడల్పు 7 మి.మీ. పైచిలుకు. తొమ్మిదికి 6.6, పదికి 6 లోపు. సింగిల్ సైకిల్ చైను వీటి వేటికీ పనికిరాదు. అరుగుదల చూడ్డానికి ఖరీదైన గేజి అక్కర్లేదు, మీ దగ్గరున్న స్టీలు స్కేలు చాలు. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చండి. ఎనిమిదో వంతు పెరిగిందంటే పళ్లు కూడా పోయినట్టే, అప్పుడు కొత్త చైను వేస్తే బలంగా తొక్కినప్పుడల్లా జారుతుంది. కస్టమరు "కొత్త చైను వేసి చెడగొట్టారు" అనేది ఇక్కడే. ముందే స్కేలు పెట్టి చూపిస్తే ఆ మాట రాదు.

ముందు చక్రాలు చాలా చవక సైకిళ్లలో రివెట్లతో బిగించి ఉంటాయి, విడిగా మార్చలేం, క్రాంకు (పెడలు చేయి) మొత్తం మార్చాలి. దాన్ని లాగి ఊడదీసే పుల్లర్ కొనండి, సుత్తి వద్దు. బీబీ (క్రాంకులు తిరిగే ఇరుసు, బాటమ్ బ్రాకెట్) కొలత: ఫ్రేము గొట్టం వెడల్పు 68 మి.మీ.నా, 73నా చూడండి, ఇరుసు పొడవు పాతదాని మీదే రాసి ఉంటుంది, అదే చెప్పి తెప్పించండి. కుడివైపు కప్పుది ఉల్టా థ్రెడ్డు అని మీకు చెప్పడం తాతకు దగ్గు నేర్పడమే. హ్యాంగర్లలో వందల రకాలున్నాయి, విరిగిన ముక్కని పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫొటో తీసి పంపితే తప్ప సరైనది రాదు.

సామాను తెప్పించడం ఇక. విశాఖ, విజయనగరం నుంచి మన దాకా రైలుంది, గుణుపురం దాకా కూడా ఉంది, పర్లాకిమిడికి పాతపట్నం నది అవతలే. అయినా ఒక్క ఫ్రీవీలు కోసం ఒక్కరు తెప్పించుకుంటే ఖర్చు కిట్టదు. నాలుగైదు ఊళ్ల షాపులు కలిసి నెలకొక ఆర్డరు పెట్టుకుంటే 14-34 ఫ్రీవీళ్లు, ఎనిమిది, తొమ్మిది గేర్ల చైన్లు, చైను కలిపే క్విక్ లింకులు, వైర్లు ఎప్పుడూ నిలవ ఉంటాయి. పారేసిన సైకిళ్ల నుంచి డిరైలర్లు, మంచి క్రాంకులు తీసి ఒక డబ్బాలో వేయండి. ఇనప కొట్టుకి కిలో లెక్కన పోయే వాటిలో సగం ఎవరికో పనికొచ్చేవే. బిల్లు వెనక ఇంత రాయండి: ఫ్రీవీలా క్యాసెట్టా, ఎన్ని పళ్లచక్రాలు, హబ్బు ఎంత, బీబీ ఎంత, డిరైలరు పేరు. ఒడియాలో రాసినా తెలుగులో రాసినా అంకెలు అంకెలే. ఆ చీటీ పట్టుకుని కస్టమరు బరంపురంలో అయినా, పార్వతీపురంలో అయినా సామాను కొనుక్కుంటాడు, బిగించుకోడానికి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

ప్రభుత్వం ఏదో చేస్తుందని ఎదురుచూడకండి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లూ ఎలక్ట్రానిక్సూ, గృహోపకరణాలు, మోటారు వాహనాలు, ఈ నాలుగు రంగాలకి. సైకిల్‌కి అందులో విడిగా చోటు లేదు. పేదవాడి బండి కదా.

చివరిగా డబ్బు మాట. ఇవన్నీ ఊరికే చేయమనడం లేదు. కొలిచి, చీటీ రాసి ఇచ్చినందుకు యాభయ్యో వందో బోర్డు మీద రాసి మరీ అడగండి. సామాను మీ దగ్గర కొనకపోయినా ఆ డబ్బులు ఇచ్చి వెళ్లాలి. నేను ఇస్తాను. మా సైకిల్ గుంపులో అందరికీ అదే చెబుతున్నాను.

ఇట్లు,
రాయగడ నుంచి ఒక పాత సైకిల్ ఆసామి